పాడే పిట్టను లెక్కపెట్టారు సరే, మిగతావాటి మాటేమిటి?

అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల పైన్ అడవుల్లో బాక్‌మన్ స్పారో అనే పిచ్చుక ఉంది. రూపం గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. వీపు మీద బూడిద, ఇటుక రంగు చారలు, లేత గోధుమ రంగు రొమ్ము, 20 గ్రాములకు అటూ ఇటూగా బరువు. ఏడాదిలో ఎక్కువ కాలం అది మనిషి కంటపడదు. తరిమితే ఎగరడం కంటే గడ్డి దుబ్బుల మధ్య పరుగెత్తి మాయమవడానికే ఇష్టపడుతుంది. మరీ వెంటపడితే గోఫర్ తాబేళ్లు తవ్వుకున్న బొరియల్లోకి దూరిపోవడం కూడా పరిశోధకులు చూశారు. వసంతం వచ్చిందంటే మాత్రం మగపిట్ట పైన్ కొమ్మ మీదికెక్కి గొంతు విప్పుతుంది. ముందు ఒక పొడవాటి ఈల, ఆ వెంటనే వేరే స్థాయిలో గలగలమనే చిన్న తానం. ఈ వరసనే రకరకాలుగా మార్చి పాడుతుంది. ఒక్కో మగపిట్ట దగ్గర ఇలాంటి పాటలు పదుల సంఖ్యలో ఉంటాయి.

ఈ పిట్ట ఏళ్ల తరబడి తగ్గిపోతోంది. గూడు కట్టే కాలంలో పక్షులను లెక్కించే బ్రీడింగ్ బర్డ్ సర్వే 1966 నుంచి సాగుతోంది, దాని లెక్కల్లో అప్పటి సంఖ్య ఇప్పుడు సగం కూడా లేదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ దీన్ని ముప్పు అంచుకు చేరిన జాతుల్లో చేర్చింది. అమెరికా ప్రమాద జాతుల చట్టం కింద రక్షణ పొందే జాబితాలో మాత్రం దీని పేరు లేదు. ఎందుకు తగ్గిందో చాలావరకు తెలుసు. ఏం చేయాలో కూడా చాలావరకు తెలుసు. చేస్తున్న పని ఫలిస్తోందా లేదా అన్నదే తేలడం లేదు. ఎందుకు తేలడం లేదంటే, ఇన్నాళ్లూ లెక్కకు అందినది ఒకటి, ఈ పిట్ట బతుకును నిర్ణయించేది మరొకటి.

నిప్పు లేని అడవిలో

ఒకప్పుడు వర్జీనియా నుంచి టెక్సస్ దాకా సుమారు 9 కోట్ల ఎకరాల్లో లాంగ్‌లీఫ్ పైన్ అడవి ఉండేది. 20వ శతాబ్దం ముగిసేసరికి మిగిలింది 30 లక్షల ఎకరాలు. ఓడలకు పూసే తారు కోసం చెట్లను చెక్కారు, తర్వాత కలప కోసం నరికారు, ఆ నేలల్లో కొంత పొలాలయింది, కొంత త్వరగా పెరిగే వేరే జాతి పైన్ తోటలయింది. ఇదంతా కళ్లకు కనిపించే నష్టం. చెట్లు నిలిచి ఉన్నచోట కూడా నిప్పును ఆపేయడంవల్ల జరిగిన నష్టం అంత తేలిగ్గా కనిపించదు.

లాంగ్‌లీఫ్ పైన్ నిప్పుతో కలిసి పెరిగిన చెట్టు. మొలిచాక కొన్నేళ్లపాటు ఎత్తు పెరగదు, చూసేవాళ్లకు గడ్డి దుబ్బు అనిపిస్తుంది. ఆ కాలమంతా వేరును లోతుకు దించుకుంటుంది. చిగురు చుట్టూ పొడవాటి ఆకులు గుత్తిగా మూసుకుని ఉంటాయి కాబట్టి మంట వాటిని కాల్చినా లోపలి మొగ్గ బతుకుతుంది. పక్కన పోటీకి వచ్చిన పొదలు మాడిపోతాయి. చెట్ల కింద వైర్‌గ్రాస్ అనే సన్నటి గడ్డి ఉంటుంది. అది వసంతంలోనో వేసవిలోనో కాలితేనే బాగా పూసి గింజ కడుతుంది. పిడుగులవల్ల కొంత, అక్కడి ఆదివాసులు పెట్టే మంటలవల్ల కొంత, ఆ నేల ఏడాదికోసారో మూడేళ్లకోసారో కాలుతూ ఉండేది. మంట కొమ్మలకు ఎక్కకుండా గడ్డిని నాకుతూ సాగిపోయేది.

మన పిచ్చుకకు ఇది ఎందుకు కావాలో నేల మీదికి వంగి చూస్తే అర్థమవుతుంది. దుబ్బుకూ దుబ్బుకూ మధ్య అది పరుగెత్తడానికి, గింజలూ పురుగులూ ఏరుకోవడానికి ఖాళీ నేల ఉండాలి. గూడు కట్టేది కూడా నేల మీదే, దుబ్బు మొదట్లో. చాలాసార్లు పైన గడ్డితో కప్పు కూడా అల్లుకుంటుంది. మూడు నాలుగేళ్లు నిప్పు పడకపోతే ఎండు గడ్డి పరుపులా పేరుకుంటుంది, పామెట్టో పొదలూ ఓక్ మొక్కలూ లేస్తాయి. పైన ఆకాశమంత పైన్ చెట్లు అలాగే ఉంటాయి. కింద పిట్టకు మాత్రం చోటుండదు.

దీన్ని తేటగా చూపించిన చోటు ఫ్లోరిడాలో తల్లహాసీ దగ్గరి టాల్ టింబర్స్ పరిశోధన కేంద్రం. 1958లో ఏర్పడింది. దాని వెనక ఉన్న మనిషి హెర్బర్ట్ స్టాడర్డ్. 1920ల్లో బాబ్‌వైట్ కౌజులను పరిశోధిస్తూ, ఈ అడవికి నిప్పు కావాలని వాదించినవాడు. అప్పటి అటవీ అధికారులకు మంట మాటే గిట్టేది కాదు. అడవి మంటలను ఆపమని చెప్పే స్మోకీ బేర్ అనే ఎలుగుబంటి బొమ్మ 1944లో పుట్టిందంటే అప్పటి ధోరణి తెలుస్తుంది. టాల్ టింబర్స్‌లో ఒక తుంటను, అంటే అడవి ముక్కను, 1967 తర్వాత కాల్చకుండా వదిలేసి, ఏటా అక్కడి పక్షులను లెక్కపెట్టారు. 15 ఏళ్ల ఆ లెక్కలు 1984లో అచ్చయ్యాయి. గడ్డి నేలల్ని నమ్ముకున్న పిట్టలు మొదటి కొన్నేళ్లలోనే ఖాళీ చేశాయి. బాక్‌మన్ స్పారో వాటిలో ఒకటి.

ఇది లాంగ్‌లీఫ్ అడవి సంగతి. నల్లమలలో వేసవి మంటలు చూసిన తెలుగు పాఠకులు దీన్ని అక్కడికి అన్వయించకూడదు. ఆకురాల్చే అడవి తీరు వేరు, అక్కడి మంటల్లో ఎక్కువ భాగం మనుషులు పెట్టేవి.

అంటే లాంగ్‌లీఫ్ అడవికి మందేమిటో తెలుసు, నిప్పు. మోతాదు దగ్గరే తగాదా. అది తేలాలంటే పిట్టలు ఎలా ఉన్నాయో చెప్పే లెక్క ఒకటి నమ్మదగినదిగా ఉండాలి.

మూడు నిమిషాల లెక్క

లెక్క ఎంత ముఖ్యమో చెప్పడానికి ఇంకో పైన్ అడవి పిట్ట కథ పనికొస్తుంది. మిషిగన్‌లో జాక్ పైన్ చెట్లు లేతగా ఉన్నప్పుడే వాటి కింద గూడు కట్టే కిర్ట్‌లండ్ వార్బ్లర్‌ది. 1951లో మొదటిసారి మొత్తం జాతిని లెక్కించారు. పాడే మగపిట్టలు 432. పదేళ్లకు 502. అంతా బాగుందనుకున్నారు. మళ్లీ పదేళ్లకు, 1971లో, 201. ఎప్పుడు పడిపోయిందో, ఏ ఏడాది నుంచి పడిపోతూ వచ్చిందో చెప్పగలిగినవాళ్లు లేరు. అప్పటి నుంచి ఏటా లెక్కించడం మొదలుపెట్టారు, ఆ గూళ్లలో దొంగచాటుగా గుడ్లు పెట్టే కౌబర్డ్ పిట్టలను 1972 నుంచి పట్టి తొలగించారు, లేత పైన్ తోటలను వేల ఎకరాల్లో పెంచారు. 2019లో ఆ జాతిని ప్రమాద జాబితా నుంచి తీసేశారు. పదేళ్ల విరామంతో లెక్కపెట్టడం ఎంత ప్రమాదమో చూపించే ఉదాహరణలు ఇంతకంటే స్పష్టంగా ఎక్కువ దొరకవు.

కానీ వార్బ్లర్‌కు ఉన్న వెసులుబాటు మన పిచ్చుకకు లేదు. అది గుప్పెడు జిల్లాల్లో ఉండేది, అందుకే ఉన్నవాటన్నిటినీ లెక్కించగలిగారు. బాక్‌మన్ స్పారో కరోలినాల నుంచి టెక్సస్ దాకా చెదురుమదురుగా పరుచుకుని ఉంది. మొత్తం లెక్కించడం అసాధ్యం, నమూనా తీసుకోవాల్సిందే.

ప్రస్తుతం ఆ పని ప్రధానంగా చేస్తున్నది బ్రీడింగ్ బర్డ్ సర్వే. ఏటా వేసవి మొదట్లో, తెల్లవారకముందే మొదలుపెట్టి, ఒక స్వచ్ఛంద కార్యకర్త సుమారు 39 కిలోమీటర్ల రోడ్డు మీద 50 చోట్ల ఆగుతాడు. ఒక్కోచోట మూడు నిమిషాలు చూసినవీ విన్నవీ రాసుకుంటాడు. 60 ఏళ్లుగా ఒకే పద్ధతిలో సాగుతున్న ఈ సర్వే లేకపోతే పిట్టలు తగ్గుతున్నాయన్న సంగతే బయటపడేది కాదు. దాన్ని తక్కువ చేయడం తప్పు. అయితే అది రోడ్డు పక్క సర్వే. మిగిలిన మంచి లాంగ్‌లీఫ్ అడవిలో పెద్ద భాగం జాతీయ అడవుల లోపల, వేట కోసం కాపాడుకున్న పాత ఎస్టేట్లలో, సైనిక స్థావరాల్లో ఉంది. ఫ్లోరిడాలోని ఎగ్లిన్ వైమానిక స్థావరం, జార్జియాలోని ఫోర్ట్ స్టీవర్ట్ పేర్లు పక్షి శాస్త్రవేత్తల నోట తరచూ వినిపిస్తాయి. ఫిరంగి గుండ్లు పడి గడ్డి అంటుకోవడంవల్ల, ఎవరూ అనుకోకుండానే, అడవిని క్రమం తప్పకుండా కాల్చినవాళ్లలో సైనికులూ చేరారు. ఆ లోపలికి రోడ్డు సర్వే వెళ్లదు.

మరో చిక్కు, పోలిక దేనితో అన్నది. 20వ శతాబ్దం మొదట్లో ఈ పిచ్చుక ఒహాయో, పెన్సిల్వేనియాల దాకా వ్యాపించింది. రైతులు వదిలేసిన పొలాలూ నరికేసిన అడవులూ దానికి తాత్కాలికంగా నచ్చాయి. ఆ నేలలు మళ్లీ అడవిగా మారగానే వెనక్కి తగ్గింది. మరి ఒహాయోలో కనబడకపోవడాన్ని నష్టం కింద రాయాలా, మామూలు స్థితికి రావడం కింద రాయాలా? ఉత్తరపు అంచులో జరిగినది ఒక కథ, ఫ్లోరిడా, జార్జియాల నడిబొడ్డున జరుగుతున్నది వేరే కథ అని నాకనిపిస్తుంది. రెంటినీ ఒకే గీతలో కలిపి చూపించే పటాలు చూసినప్పుడల్లా చిరాకు కలుగుతుంది.

ఇక కంటబడే అవకాశం. ఒక అడవిలో 100 చోట్ల ఈ పిట్ట నిజంగా ఉందనుకుందాం. ఒకసారి వెళ్లినప్పుడు అది పాడే, మనకు వినిపించే అవకాశం సగమే అనుకుందాం. ఒక్కసారి తిరిగితే 50 చోట్ల ఉందని రాస్తాం. రెండోసారి కూడా తిరిగితే 75. మూడుసార్లు తిరిగితే 87, 88. అడవిలో ఏ మార్పూ లేదు, మారింది మన తిరుగుడే. ఒక ఏడాది ఒకసారి, మరో ఏడాది మూడుసార్లు తిరిగి ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెడితే జాతి కోలుకున్నట్టు కనిపిస్తుంది. అందుకే అదే చోటికి పదేపదే వెళ్లి, ఎన్నిసార్లు విన్నాం, ఎన్నిసార్లు వినలేదు అన్నదాని నుంచే ఆ అవకాశాన్ని లెక్కగట్టే గణిత పద్ధతులు గత 20 ఏళ్లలో వాడుకలోకి వచ్చాయి. రికార్డు చేసిన పాటను వినిపించి పిట్టను రెచ్చగొట్టి పలికించడం ఇంకో ఉపాయం. గాలి, పొద్దు, నెల, వింటున్న మనిషి చెవి, అన్నీ ఆ అవకాశాన్ని మారుస్తాయి.

దాక్కునే పిట్టను వెతకడం ఎలాంటి పనో తెలుగు నేలకు కొత్త కాదు. 1900 తర్వాత ఎవరికీ కనబడని కలివికోడి 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికాక, రాత్రిపూట తిరిగే ఆ పక్షి జాడ తీయడానికి పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి అడుగుల గుర్తులు చదివారు, కెమెరాలు అమర్చారు, దాని కూత రికార్డు దొరికాక అదే కూతను వినిపించి జవాబు కోసం చెవులు రిక్కించారు. కనబడలేదు కాబట్టి లేదు అనడానికి వీల్లేని పక్షి అది. బాక్‌మన్ స్పారో అంత అరుదు కాదు, కానీ చలికాలంలో దాని తీరూ అంతే. పాట ఆగిపోతే పిట్ట లేనట్టే. 1900 నుంచి ఏటా జరుగుతున్న క్రిస్మస్ పక్షుల లెక్కింపులో అందుకే ఇది సరిగా చిక్కదు.

గూడు, గుడ్డు, ఆపైన

పాడుతున్న మగపిట్టను లెక్కపెట్టడం అన్నిటికంటే తేలిక. ఆ మగపిట్టకు జత ఉందా? గూడు ఉందా? పిల్లలు ఎగిరాయా? ఇవేవీ పాటలో ఉండవు. పైగా చాలా రకాల పాటపిట్టల్లో జత దొరకని మగదే ఎక్కువసేపు పాడుతుంది. అంటే ఆడపిట్టలు రాని నాసిరకం తుంటలో పాట జోరుగా వినిపించి, పిల్లలు నిండుగా ఉన్న తుంటలో నిశ్శబ్దంగా ఉండవచ్చు. ఎక్కువ పాట వినిపించిన చోటును మంచి చోటుగా రాసుకుని, అక్కడి తీరునే మిగతా అడవిలో పాటిస్తే ఏమవుతుందో ఊహించవచ్చు.

అందుకే గూళ్లు వెతకాలి. ఇది ఓపిక అడిగే పని. గడ్డి కప్పు కింద, దుబ్బులో కలిసిపోయిన గూడును కనిపెట్టాలంటే నోట్లో పురుగుతో వస్తున్న తల్లిని దూరం నుంచి గంటలకొద్దీ గమనించాలి. అది కూడా నేరుగా గూటి దగ్గర వాలదు, కాస్త దూరంగా దిగి నడిచి వెళ్తుంది. కనిపెట్టాక కొన్ని రోజులకోసారి వెళ్లి చూడాలి. మరీ తరచుగా వెళ్తే మన అడుగుల దారిలోనే పాములూ రకూన్లూ వస్తాయేమోనన్న భయం.

దొరికిన గూళ్ల లెక్కలో ఒక మోసం దాగి ఉంటుంది. గుడ్లు పెట్టిన రెండో రోజే పాము తినేసిన గూడు మనకు దొరకదు. బాగా ముదిరిన గూళ్లే దొరుకుతాయి. అవి ఎలాగూ గట్టెక్కుతాయి. దొరికినవాటిలో ఎన్ని సఫలమయ్యాయని లెక్కిస్తే జవాబు ఎప్పుడూ ఉన్నదానికంటే బాగుంటుంది. ఈ చిక్కు ముడిని 1961లో విప్పినవాడు హెరల్డ్ మేఫీల్డ్. అతను పరిశీలించింది పైన చెప్పిన కిర్ట్‌లండ్ వార్బ్లర్‌నే. గూళ్లను కాదు, గూళ్లు మన పరిశీలనలో ఉన్న రోజులను లెక్కపెట్టమన్నాడు. ఒక్క రోజు గడిచేలోపు గూడు పాడయ్యే అవకాశం ఎంత అన్నదే అసలు కొలత.

గుడ్డు పెట్టడం మొదలు పిల్ల గూడు వదిలేదాకా ఈ పిచ్చుకకు సుమారు 25 రోజులనుకుందాం. ఒక గూడు ఒక రోజు గట్టెక్కే అవకాశం 95 శాతమైతే, 25 రోజులూ గట్టెక్కే అవకాశం 28 శాతం. రోజుకు 97 శాతమైతే 47. వినడానికి రెండు శాతమే తేడా, పిల్లల లెక్కలో ఒకటిన్నర రెట్లకు పైనే. ఈ రెండు శాతం నేల కాలిన తర్వాత ఎన్నో ఏడాదన్న దానిమీద మారుతోందా, తుంట చిన్నదా పెద్దదా అన్నదానిమీద మారుతోందా అని తేల్చాలంటే ఒక్కో రకం తుంటలో పదుల కొద్దీ గూళ్లు కావాలి, అనేక ఏళ్ల పాటు.

గూడు వదిలిన పిల్ల తర్వాత ఏమవుతుంది? ఇక్కడ చీకటి ఇంకా చిక్కన. 1990ల మొదట్లో దక్షిణ కరోలినాలోని సవానా రివర్ అణు కేంద్రం చుట్టూ ఉన్న అడవిలో, ఈ పిట్టల బతుకును కంప్యూటర్‌లో నమూనాగా కట్టిన ప్రయత్నం ఒకటి జరిగింది. ఏ తుంట ఏ వయసు పైన్‌తో ఉందో పటంలో పెట్టి, పిట్టలు ఒక తుంట నుంచి మరో తుంటకు మారుతున్నట్టు ఏళ్లకేళ్లు నడిపి చూశారు. బతికి బట్టకట్టే శాతాన్ని కాస్త కదిపితే ఫలితం బాగా కదిలింది. ఇబ్బందేమిటంటే, అన్నిటికంటే సరిగా తెలియని అంకె అదే. మొదటి ఏడాది పిల్లలు ఎన్ని బతుకుతాయి, పుట్టిన చోటు నుంచి ఎంత దూరం వెళ్లి స్థిరపడతాయి? కాళ్లకు రంగు వలయాలు తొడిగి వదిలితే, మరుసటి ఏడాది కనిపించని పిల్ల చచ్చిపోయిందో, పది కిలోమీటర్ల అవతల హాయిగా పాడుకుంటోందో వలయం చెప్పదు. రేడియో ట్యాగ్ కడదామంటే పిట్ట బరువే 20 గ్రాములు. బరువులో మూడు నాలుగు శాతం దాటకూడదన్న కట్టుబాటు ప్రకారం ట్యాగ్, దాన్ని కట్టే దారం కలిపి ఒక గ్రాములోపు ఉండాలి. అంత చిన్న ట్యాగులో పట్టే బ్యాటరీ ఎంతకాలం వస్తుంది? పక్షుల ట్యాగుల సంకేతాలను తనంతట తాను పట్టుకునే మోటస్ గోపురాలు ఇప్పుడు ఖండమంతా లేస్తున్నాయి. కానీ గోపురం పనిచేయాలంటే పిట్ట గాల్లోకి లేవాలి, ఇదేమో గడ్డిలో నడిచే రకం.

జన్యువుల నుంచి కొంత ఊరట దొరికింది. 2014లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, అడవులు ముక్కలైపోయినా ఈ పిచ్చుక సమూహాల మధ్య జన్యు భేదాలు పెద్దగా లేవు, వైవిధ్యం కూడా బాగానే ఉంది. ఎప్పుడు ఏ నేల కాలుతుందో తెలియని చోట పుట్టిన జాతి కాబట్టి చోటు మారడం దాని అలవాటై ఉండవచ్చు. దీన్ని చూసి ముక్కలు కావడం పెద్ద సమస్య కాదనే వాళ్లున్నారు. నేను ఒప్పుకోను. జన్యువులు తరాల కథ చెబుతాయి. తరానికి ఒకటి రెండు పిట్టలు దాటినా జన్యువులు కలిసిపోతాయి. కొత్తగా కాల్చి బాగుచేసిన తుంట వచ్చే మూడేళ్లలో, మళ్లీ పొదలు లేచేలోపు, పిట్టలతో నిండుతుందా అన్నది వేరే ప్రశ్న. దానికి ఒకటి రెండు చాలవు.

మంట పెట్టేవాడి ప్రశ్నలు

మండే నూనెను చుక్కలుగా కార్చే డ్రిప్ టార్చ్ చేతబట్టి గడ్డికి నిప్పంటించే అటవీ సిబ్బందికి పై చర్చతో పనిలేదు. వాళ్లకు కావలసిన జవాబులు మూడు. శీతాకాలం చివర కాల్చాలా, పిడుగులు పడే ఏప్రిల్-జులై మధ్యా? ఒక్కసారిగా ఎంత మేర? ఎన్నేళ్లకోసారి?

ఎన్నేళ్లకోసారి అన్నదానికి జవాబు దాదాపు తేలింది. రెండు మూడేళ్లు. కాలం సంగతి అంత తేలిక కాదు. వసంతం, వేసవిలో కాలిస్తే వైర్‌గ్రాస్‌కు మంచిది, కానీ అదే పిట్ట గుడ్లు పెట్టే కాలం. నేల మీది గూళ్లు కాలిపోతాయి. అయితే ఈ పిచ్చుక ఒకే ఏడాదిలో రెండు మూడు సార్లు గూడు కట్టగలదు, పోయినదాన్ని పూరించుకునే వీలుంది. దక్షిణ కరోలినాలో వేసవి మంటలకు ముందు రేడియోలు కట్టి గమనించినప్పుడు, కాలిన తుంటలను పిట్టలు వదిలి వెళ్లిపోయాయి. ఆ పక్కనే కాలని గడ్డి ఉందా లేదా అన్నదాన్నిబట్టి వాటి తర్వాతి బతుకు మారుతుందని ఊహించడం కష్టం కాదు. ఇక్కడే ఎంత మేర అన్న ప్రశ్న వస్తుంది. హెలికాప్టర్ నుంచి నిప్పు జారవిడిస్తే ఒక్క పూటలో వందల ఎకరాలు ముగించవచ్చు, ఖర్చు తక్కువ. ఈ పిట్ట తిరిగే పరిధి రెండు మూడు హెక్టార్లు. దాని దృష్టిలో అది దేశాంతరం.

ఇవి తేలాలంటే కాల్చడాన్నే ప్రయోగంగా మలచుకోవాలి. ఎలాగూ ఏటా కాలుస్తున్నారు. ఫ్లోరిడా ఒక్కటే ఏటా సుమారు 20 లక్షల ఎకరాలను పథకం ప్రకారం కాలుస్తుంది. కొన్ని తుంటలను ఈ ఏడాది, కొన్నిటిని వచ్చే ఏడాది, చిన్నవీ పెద్దవీ కలిపి, వరసను చీటీ తీసి నిర్ణయించి, కాల్చకముందూ తర్వాతా ఒకే పద్ధతిలో లెక్కపెడితే చాలు. ఏ తేదీన కాల్చారు, గాలి ఎటు, ఎంత భాగం నిజంగా కాలింది అన్న వివరాలు మంట పుస్తకంలో ఉంటాయి. పిట్టల లెక్క వేరే శాఖ వేరే పుస్తకంలో ఉంటుంది. ఈ రెండు పుస్తకాలనూ తుంటకు తుంటగా జతపరచడానికి కొత్త శాస్త్రమేమీ అక్కర్లేదు. ఒక గుమాస్తా, ఒక ఉమ్మడి పటం కావాలి. పరిశోధన అవసరాల జాబితాల్లో ఇలాంటి చిన్న పనులు అడుగున ఉంటాయి, ఉపగ్రహాలు పైన ఉంటాయి.

కాల్చగలిగే రోజులే తగ్గిపోతుండటం మరో భయం. గాలి, తేమ, పొగ వెళ్లే దిక్కు అన్నీ కుదిరితేనే నిప్పు పెట్టాలి. 1980లో మిషిగన్‌లోని మాక్ లేక్ దగ్గర, వార్బ్లర్ కోసం పెట్టిన మంట అదుపు తప్పి 24 వేల ఎకరాలు కాలి, 44 ఇళ్లు పోయి, ఒక అటవీ ఉద్యోగి చనిపోయాడు. ఆ తర్వాత అక్కడ మొలిచిన లేత పైన్‌లో వార్బ్లర్లు విపరీతంగా పెరిగాయి. అది చూసి సంతోషించడానికి ఎవరికి మనసొప్పుతుంది? ఇప్పుడు అడవి అంచుల దాకా కాలనీలు వచ్చాయి. ఉత్తర కరోలినాలో రాలీ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలకు గంటన్నర ప్రయాణంలోనే సాండ్‌హిల్స్ లాంగ్‌లీఫ్ అడవి. అక్కడి వేమౌత్ వుడ్స్‌లో 1548లో మొలిచిన లాంగ్‌లీఫ్ చెట్టు ఇంకా బతికే ఉంది, బాక్‌మన్ స్పారో పాటా వినిపిస్తుంది. కాల్చే రోజున వచ్చే పొగ మీద ఫిర్యాదు చేసే ఇళ్లూ చుట్టూ ఉన్నాయి. ఏటా ఎన్ని రోజులు కాల్చడానికి అనుకూలించాయో నమోదు చేయడం కూడా పిట్టను గమనించడంలో భాగమే.

యంత్రాల విషయంలో నాకు ఉత్సాహం ఉంది, కానీ హద్దులో. చెట్టుకు కట్టి వదిలేసే శబ్ద రికార్డర్లు ఇప్పుడు చవక. పేలని గుండ్లు పాతుకుపోయి మనుషులు అడుగుపెట్టలేని సైనిక ప్రాంతాల్లో వీటిని మించిన సాధనం లేదు. ఒకసారి అమర్చి నెలపాటు వదిలేస్తే, పైన చెప్పిన సగం అవకాశం చిక్కు చాలావరకు తీరుతుంది. వేల గంటల శబ్దంలో పాటను వెతికి పెట్టే కంప్యూటర్ ప్రోగ్రాములూ ఉన్నాయి. ఒకే పిట్ట పదుల రకాలుగా పాడుతుంది కాబట్టి వాటికి పాఠం నేర్పడం కాస్త కష్టం, మనిషి చెవి సరిచూడాల్సిందే. ఎంత బాగా చేసినా రికార్డర్ చెప్పేది మగపిట్ట పాడిందన్న మాటే. జత సంగతి, పిల్లల సంగతి మళ్లీ గడ్డిలోకి దిగిన మనిషే చెప్పాలి. పరిమితమైన డబ్బు నా చేతిలో ఉంటే, సర్వే చోట్లను రెట్టింపు చేయడం కంటే నాలుగైదు అడవులను ఎంచుకుని, రంగు వలయాలతో, గూళ్ల వెతుకులాటతో పదేళ్లు కదలకుండా కూర్చునే పనికి ఖర్చు పెడతాను.

అయితే ఆ నాలుగైదు అడవులూ ప్రభుత్వానివే అయితే చిత్రం సగమే. దక్షిణ రాష్ట్రాల అడవుల్లో అత్యధిక భాగం ప్రైవేటు యజమానులది. నరికి నాటిన పైన్ తోటల్లో మొదటి కొన్నేళ్లు ఈ పిచ్చుక వచ్చి కాపురం పెడుతుంది. అక్కడ పిల్లలు గట్టెక్కుతున్నాయా, లేక మంచి అడవి నుంచి వచ్చిన పిట్టలు అక్కడ వృథా అవుతున్నాయా అన్నది తెలియడం ముఖ్యం. యజమానికి వేరే లెక్క ఉంటుంది. అరుదైన పిట్ట నా నేలలో ఉందని కాగితం మీదికెక్కితే, రేపు చట్టం నా చేతులు కట్టేస్తుందేమోనని గేటు తీయడు. ఈ భయం పోగొట్టడానికే 1995లో సాండ్‌హిల్స్‌లో ఎర్రబొట్టు వడ్రంగి పిట్ట కోసం ‘సేఫ్ హార్బర్’ ఒప్పందం మొదలైంది. ఉన్న పిట్టలను కాపాడు, నీ మంచి పనివల్ల కొత్తగా వచ్చినవాటికి మాత్రం నీ మీద అదనపు ఆంక్షలు పడవు అన్నది దాని సారం. ప్రమాద జాబితాలో ఇంకా చేరని జాతులకు కూడా ఇలాంటి హామీ ఇచ్చే మరో రకం ఒప్పందాన్ని 1999లో తెచ్చారు. బాక్‌మన్ స్పారో సరిగ్గా ఆ కోవలోదే. అలాంటి కాగితం మీద సంతకం పడిన తోటలో గూళ్లు వెతకడానికి పరిశోధక విద్యార్థికి అనుమతి అడగడం చాలా తేలిక.